బ్లాక్ ఐడ్ సుసాన్ విత్తనాలు రెండుసార్లు వేసినా మొలవలేదు: లోపం గింజలోనా, నాలోనా?

పెరటిమెట్టు
బ్లాక్ ఐడ్ సుసాన్ అనే పూలమొక్క విత్తనాలను ఇప్పటికి రెండుసార్లు వేశాను, రెండుసార్లూ మట్టే మిగిలింది. మొదటిసారి నారు పోసే ట్రేలో కోకోపీట్, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి నింపి, వేలి మొదటి కణుపు లోతున గుంతలు చేసి, గుంతకు రెండు గింజల చొప్పున వేసి, పైన మట్టి కప్పి, రోజూ మగ్గుతో నీళ్లు పోశాను. ఇరవై అయిదు రోజులు ఎదురుచూసి ట్రేను బోర్లిస్తే గింజ జాడ కూడా కనిపించలేదు. రెండోసారి నేరుగా పూలమడిలో చల్లి, పైపైన పారతో కలియబెట్టాను. అక్కడ మాత్రం ఏదో మొలిచింది. రెండు వారాలు దానికి సేవ చేసిన తర్వాత అది గడ్డి అని తేలింది. పొట్లంలో ఇంకా సగం గింజలున్నాయి. ఫ్రిజ్‌లో పెడితే గాని ఇవి మొలవవని ఒకరు, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలని మరొకరు చెప్పారు. ఇందులో ఏది నిజమో, అసలు పొరపాటు ఎక్కడ జరిగిందో పెంచినవారు చెబితే మిగిలిన గింజలనైనా దక్కించుకుంటాను.

నారుమడి
పొరపాటు మీరు రాసిన రెండో వాక్యంలోనే ఉంది. వేలి కణుపు లోతు చిక్కుడు గింజకు సరిపోతుంది గాని దీనికి సరిపోదు. ఈ గింజలు గ్రాముకు 3,000 దాకా తూగుతాయి. అంత చిన్న గింజలో దాచుకున్న బలం ఎంతో మీరే ఊహించండి. అది అంత మట్టిని తోసుకుని పైకి వచ్చేలోపే అయిపోతుంది. పైగా ఇది మొలకెత్తడానికి వెలుతురు సాయపడుతుంది. తడిపిన మట్టి మీద గింజలను చల్లి, అరచేతితో మెల్లగా అదిమి వదిలేయాలి. కప్పి తీరాలనిపిస్తే, గింజ ఇంకా కనబడేంత పలచగా ఇసుక జల్లితే చాలు. మట్టి వేడి 20 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే ఒకటి నుంచి మూడు వారాల్లో మొలకలు వస్తాయి.

చలికాలపు_పిట్ట
నారుమడి గారు లోతు గురించి చెప్పింది నిజమే గాని, చల్లబరచడం గురించి ఒక్క మాట కూడా అనకపోవడం ఆశ్చర్యంగా ఉంది. నేను మొదటి ఏడాది గింజలను మట్టి పైనే అదిమాను, ఒక్కటీ మొలవలేదు. రెండో ఏడాది తడి ఇసుకలో కలిపి, జిప్ సంచిలో వేసి, నాలుగు వారాలు ఫ్రిజ్ కింది అరలో ఉంచి తీశాక మాత్రమే మొలిచాయి. చలి చూడని గింజ నిద్ర లేవదని నా అనుభవం చెబుతోంది.

నారుమడి
మీ పొట్లం మీద ఏ పేరు ఉందో ఒకసారి చూసి చెబుతారా? రుడ్‌బెకియా హిర్టా అని ఉందా, రుడ్‌బెకియా ఫుల్గిడా అని ఉందా?

చలికాలపు_పిట్ట
పాత పొట్లం వెతికి తీశాను. రుడ్‌బెకియా ఫుల్గిడా, గోల్డ్‌స్టర్మ్ రకం.

నారుమడి
అందుకే అడిగాను. రెండింటినీ జనం బ్లాక్ ఐడ్ సుసాన్ అనే పిలుస్తారు, రెండూ ఉత్తర అమెరికా మొక్కలే, పువ్వులూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి, కానీ స్వభావాలు వేరు. ఫుల్గిడా నిజమైన బహువార్షికం. నేలలో దుంపకాండంతో మెల్లగా విస్తరిస్తూ ఏళ్ల తరబడి అదే చోట ఉంటుంది, దాని గింజ చలి తగిలితే గాని సరిగా మొలవదు. హిర్టాకు చలి అక్కర్లేదు. అది ఒక ఏడాదో, రెండేళ్లో, బాగా నచ్చిన చోటయితే మూడేళ్లో బతికి, గింజలు రాల్చి పోతుంది. కాబట్టి మీ అనుభవం అబద్ధం కాదు, అది వేరే మొక్క అనుభవం.

చలికాలపు_పిట్ట
నా మాటను వెనక్కి తీసుకోను, కాస్త పక్కకు జరుపుతాను. పెరటిమెట్టు గారి దగ్గర ఉన్నది ఫుల్గిడా అయితే అది మళ్లీ తన చోటికి వస్తుంది.

గింజలసంచి
హిర్టా గింజలతోనే నేను ఈ ఫ్రిజ్ సంగతి పరీక్షించాను. ఒకే పొట్లాన్ని రెండుగా పంచి, ఒక భాగాన్ని నెల రోజులు తడి ఇసుకలో చల్లగా ఉంచి, రెండో భాగాన్ని డబ్బాలో పొడిగా ఉంచి, ఒకే రోజున రెండు ట్రేలలో వేశాను. చలి చూసినవి ఒకేసారి గుంపుగా మొలిచాయి, చూడనివి రెండు వారాల పాటు ఒకటీ రెండూగా వచ్చాయి. చివరికి లెక్క చూస్తే రెండు ట్రేలలోనూ మొలకలు ఇంచుమించు సమానమే. అందువల్ల హిర్టాకు ఫ్రిజ్ అవసరం కాదు, హాని కూడా కాదు. తొందర ఉన్నవారికి మాత్రం నెల రోజులు దండగ.

తీగచాటు
మీరందరూ గింజ చిన్నదనీ, వెలుతురు కావాలనీ అంటుంటే నాకు ఏమీ అర్థం కావడం లేదు. నా దగ్గరున్న బ్లాక్ ఐడ్ సుసాన్ గింజలు మిరియం గింజంత ఉన్నాయి, గట్టిగా కూడా ఉన్నాయి. వాటిని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, సెంటీమీటరు లోతున మట్టిలో పెడితే రెండున్నర వారాల్లో మొలిచాయి. ఇప్పుడు కంచె అంతా అల్లుకుని నారింజ రంగు పూలు పూస్తోంది. కనుక గింజను మట్టిలో కప్పకూడదన్న మాట తప్పు.

నారుమడి
మీరు పెంచింది థన్‌బెర్జియా అలాటా. ఇది తూర్పు ఆఫ్రికా తీగ, అడ్డసరం కుటుంబానికి చెందినది. మేం మాట్లాడుతున్న రుడ్‌బెకియా చామంతి, పొద్దుతిరుగుడుల కుటుంబానికి చెందిన మొక్క. పువ్వు మధ్యలో నల్లటి చుక్క ఉండడం తప్ప ఈ రెండింటికీ చుట్టరికం లేదు. మీ పువ్వును దగ్గరగా చూడండి: అది అయిదు తమ్మెల ఒకే పువ్వు, నడుమ కనిపించే నలుపు ఒక గొట్టం నోరు మాత్రమే. రుడ్‌బెకియాలో మనం పువ్వు అనుకునేది వందలాది చిన్న పుష్పకాల గుంపు. నడుమ ఉబ్బెత్తుగా ఉండే గోధుమరంగు బుడిపె అంతా బింబ పుష్పకాలు, చుట్టూ రేకుల్లా కనిపించేవి కిరణ పుష్పకాలు. నానబెట్టడం, లోతుగా పెట్టడం తీగకు సరయిన పద్ధతులే. పెరటిమెట్టు గారికి గోరువెచ్చని నీళ్ల సలహా ఇచ్చినవారు కూడా బహుశా మీ సుసాన్‌నే పెంచి ఉంటారు.

ముక్కుసూటి
ఒక పేరు, మూడు మొక్కలు, మూడు సలహాలు. పెళ్లిచూపుల్లో ఒకరిని చూపించి పీటల మీద ఇంకొకరిని కూర్చోబెట్టినట్టుంది.

పెరటిమెట్టు
పొట్లం వెనుక రుడ్‌బెకియా హిర్టా, మిశ్రమ రంగులు అని ఉంది. గింజలు నల్లగా, సన్నగా, పెన్సిల్ చెక్కినప్పుడు రాలే ముల్లు ముక్కల్లా ఉన్నాయి. కాబట్టి నాది తీగా కాదు, ఫ్రిజ్ కోరేదీ కాదు. నేను చేసిన ఘనకార్యం వాటిని బతికుండగానే పాతిపెట్టడమే అని అర్థమైంది. ఇంకొక సంగతి చెప్పాలి: ఈ పొట్లం కొని రెండేళ్లు దాటింది, ఇన్నాళ్లూ ఎండ పడే కిటికీ గూట్లో ఉంది. ఇవి ఇంకా పనికొస్తాయా?

మట్టివేళ్లు
గింజను అడగకుండా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు, అడగడం కూడా సులువే. ఒక టిష్యూ కాగితాన్ని తడిపి, పిండి, దాని మీద పది గింజలను విడివిడిగా పేర్చి, పారదర్శకంగా ఉన్న మూత డబ్బాలో పెట్టి, నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి. కాగితాన్ని గింజల మీదికి మడవకండి, వెలుతురు తగలాలి. రెండు వారాల్లో పదింటికి ఏడెనిమిది మొలిస్తే గింజలు బాగున్నట్టు. నాలుగే మొలిస్తే పారేయనక్కర్లేదు, రెట్టింపు చల్లితే సరిపోతుంది. ఒక్కటీ మొలవకపోతే కొత్త పొట్లం తెచ్చుకోవడమే మేలు. ట్రే ముందు కూర్చుని నెల రోజులు నిట్టూర్చే పని తప్పుతుంది. ఎండా తేమా గింజకు పగవాళ్లు. ఇకమీదట గాలి చొరని సీసాలో, చల్లని చీకటి చోట దాచండి.

మగ్గు విషయం కూడా వదలకూడదు. పైన పరిచిన గింజల మీద మగ్గుతో నీళ్లు పోస్తే అవన్నీ కొట్టుకుపోయి ట్రే మూలకు చేరతాయి, లేదా నీటితో పాటు లోపలికి దిగిపోతాయి. మీరు లోతుగా వేయకపోయినా ఆ మగ్గు వాటిని లోతుకు చేర్చి ఉండేది. ముందే మట్టిని బాగా తడిపి, తర్వాత గింజలు వేసి, ఆపై ట్రేను నీళ్లున్న పళ్లెంలో అరగంట ఉంచి కింది నుంచి తాగనివ్వండి. పైన ఆరినట్టు కనిపిస్తే సన్నని స్ప్రేతో మంచులా చల్లండి.

ముక్కుసూటి
ట్రే, టిష్యూ, పళ్లెం, స్ప్రే, డబ్బా. ఇది పువ్వును పెంచడమా, పసిబిడ్డకు ఉగ్గు పెట్టడమా? ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో, రోడ్ల పక్కన, తవ్వి వదిలేసిన బంజరు నేలల్లో ఈ మొక్క తనంతట తాను మొలిచి గుట్టలుగుట్టలుగా పూస్తుంది. అక్కడ దానికి ఎవరూ పళ్లెంలో నీళ్లు పెట్టలేదు. మేం మంచు పడే చోట ఉంటాం; చలికాలం మొదలవబోయే ముందు ఖాళీ నేల మీద గింజలు చల్లి, మీద నడిచి వచ్చేస్తాను. మంచు కరిగాక అవే మొలుస్తాయి.

మట్టివేళ్లు
ముక్కుసూటి గారు చెప్పింది ప్రకృతి లెక్క. అక్కడ ఒక్కో పూబుడిపె నుంచి వందల గింజలు రాలి, పిట్టలు తినగా, వాన కొట్టుకుపోగా, నత్తలు మేయగా మిగిలినవే మనకు కనిపించే గుట్టలు. పెరటిమెట్టు గారి దగ్గర ఉన్నది సగం పొట్లం.

ముక్కుసూటి
ఒప్పుకుంటున్నాను, సగం పొట్లంతో ఉదారంగా ఉండలేం. అయినా నేరుగా చల్లాలనుకునే మిగతావారి కోసం రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే నేనూ మొదట గడ్డికే సేవ చేశాను. మడిని దున్ని, తడిపి, గింజలు చల్లకుండా రెండు వారాలు వదిలేయండి. నేలలో దాగి ఉన్న కలుపు అంతా మొలుస్తుంది. దాన్ని పైపైనే గీకి తీసేయండి, లోతుగా తవ్వితే కింది కలుపు గింజలు మళ్లీ పైకి వస్తాయి. అప్పుడు గింజలను గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే ఎక్కడ పడ్డాయో ఇసుక రంగును బట్టి తెలుస్తుంది. మంచు పడని వేడి ప్రాంతాల్లో ఎండలు ముదిరాక చల్లితే పైనున్న గింజ మధ్యాహ్నానికల్లా ఎండిపోతుంది కాబట్టి, వానలు వెనకబట్టి చల్లదనం మొదలయ్యే రోజులు మంచివి.

చీమలబారు
గడ్డికీ దీనికీ తేడా మొలకలోనే ఎలా తెలుసుకోవాలో ఎవరూ చెప్పలేదు. మొదట వచ్చే రెండు బీజదళాలు చిన్నగా, గుండ్రంగా, నున్నగా ఉంటాయి. గడ్డి అయితే ఒకే సూది ఆకుతో వస్తుంది. ఆ తర్వాత వచ్చే అసలు ఆకుల మీద వేలు పెడితే గరుకైన నూగు తగులుతుంది. హిర్టా అనే లాటిన్ మాటకు అర్థమే నూగు గలది అని. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఈ పేరు పెట్టినప్పుడు ముందు భాగాన్ని స్వీడన్‌లోని ఉప్సాలాలో తనకు గురువైన ఓలోఫ్ రుడ్‌బెక్‌కూ, అదే పేరున్న ఆయన తండ్రికీ గౌరవంగా ఇచ్చి, వెనక భాగాన్ని నూగుకు వదిలేశాడు. గుర్తుపట్టడానికి మనకు ఉపయోగపడేది ఆ వెనక భాగమే. అయితే సున్నితమైన చర్మం ఉన్నవారికి ఆ నూగు వల్ల దురద రావచ్చు, పెద్ద మొక్కలను సర్దేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి.

పెరటిమెట్టు
(పదహారు రోజుల తర్వాత)
టిష్యూ పరీక్షలో పదింటికి ఆరు మొలిచాయి. ధైర్యం వచ్చి అదే వారం మిగిలినవన్నీ ట్రేలో పైపైన పరిచి అదిమాను, పళ్లెంలోనే నీళ్లు పెట్టాను. తొమ్మిదో రోజు ఉదయం చూస్తే ఆకుపచ్చ చుక్కలు కనిపించాయి. ఇప్పటికి ముప్పై దాకా ఉన్నాయి, అన్నిటికీ రెండేసి దళాలే, ఒక్కటీ గడ్డి కాదు. కానీ నిన్నటి నుంచి ఒక మూలన అయిదారు మొలకలు కాడ మొదట్లో సన్నబడి, నీరుపట్టినట్టయి పక్కకు వాలిపోతున్నాయి. నీళ్లు చాలలేదేమోనని మరికాస్త పోశాను.

మట్టివేళ్లు
ఇంకొక చుక్క కూడా పోయకండి. అది నారుకుళ్లు తెగులు. మట్టిలో ఉండే శిలీంధ్రాల వంటి జీవుల పని అది. ఎక్కువ తేమ, కదలని గాలి, ఇరుకు, ఈ మూడూ కలిస్తే చెలరేగిపోతుంది. వాలినవి ఇక లేవవు, వాటిని చుట్టూ ఉన్న కాస్త మట్టితో సహా చెంచాతో ఎత్తి దూరంగా పడేయండి. ట్రే మీద మూత ఉంటే తీసేయండి. పళ్లెంలో నీళ్లు వంపేసి, పైమట్టి రంగు తేలికపడే దాకా ఆగండి. చిన్న ఫ్యానును దూరంగా పెట్టి, మొలకలు కొద్దిగా ఊగేంత గాలి తగిలేలా చూడండి. మొలకలు వచ్చేదాకా తడి, వచ్చాక ఆరుదల: ఇది ముందే చెప్పి ఉండాల్సింది, నాదే మరుపు. మరో మాట, వర్మీకంపోస్టు సగం కలపడం మొలకలకు ఎక్కువ. ఈసారి కోకోపీట్‌లో పెర్లైటు అనే తేలికైన తెల్లని గుళికలో, కడిగిన ఇసుకో కలపండి.

గింజలసంచి
ముప్పై మొలకలూ ఒకేచోట కిక్కిరిసి ఉంటే పలచన చేయక తప్పదు. పీకితే పక్కదాని వేరు కదులుతుంది కాబట్టి చిన్న కత్తెరతో మట్టి దగ్గర కత్తిరించండి. మనసు ఒప్పదని తెలుసు. నాకూ ఒప్పక మొదటి ఏడాది అన్నిటినీ ఉంచాను, అన్నీ పొడుగ్గా పాలిపోయి ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి.

పెరటిమెట్టు
(మరో నాలుగు వారాలకు)
ఫ్యాను పెట్టాక తెగులు ఆగిపోయింది. పద్దెనిమిది మొక్కలు నిలిచాయి, ఒక్కోదానికి నూగు ఆకులు నాలుగైదు ఉన్నాయి. చీమలబారు గారన్నట్టు వేలికి గరుకుగానే తగులుతున్నాయి. ఇక నేలలోకి మార్చవచ్చా?

నారుమడి
మార్చవచ్చు, కానీ ఒకేసారి ఎండలోకి తోసేయకండి. వారం పది రోజుల పాటు మొదట గంటసేపు పొద్దుటి ఎండలో, తర్వాత రెండు మూడు గంటలు, ఆపై పూట మొత్తం ఉంచి అలవాటు చేయండి. నాటేటప్పుడు మొక్కను కాడ పట్టి ఎత్తకూడదు, ఆకు పట్టుకోండి. ఆకు చిరిగితే కొత్తది వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. మొక్కకూ మొక్కకూ మధ్య 30 నుంచి 45 సెంటీమీటర్లు వదలండి. అది ఎక్కువనిపిస్తుంది గాని, గాలి ఆడకపోతే తర్వాత ఆకుల మీద బూడిద తెగులు వస్తుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడే చోటు చూడండి. నీరు నిలిచే చోటు తప్ప మామూలు నేల ఏదైనా దానికి చాలు.

ఎరువు విషయంలో చేతిని కట్టేసుకోండి. బలమైన నేలలో ఇది ఆకు మీద ఆకు వేసి, పొడుగ్గా సాగి, పూసే వేళకు వానకు నేలకొరుగుతుంది.

చలికాలపు_పిట్ట
నత్తల సంగతి కూడా చూసుకోండి. లేత మొక్క నాటిన మొదటి రాత్రే అవి విందుకు వస్తాయి. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని ఏరేయడం కంటే నమ్మకమైన ఉపాయం నాకు దొరకలేదు. ఈసారి నా మాట రుడ్‌బెకియాలన్నిటికీ వర్తిస్తుందని హామీ ఇస్తున్నాను.

పెరటిమెట్టు
(రెండున్నర నెలల తర్వాత)
మళ్లీ ఫిర్యాదుతోనే వచ్చాను. పద్దెనిమిదింటిలో పద్నాలుగు బతికాయి, ఆకులు అరచేయంత అయ్యాయి, కానీ అన్నీ నేలకు అంటుకుని పళ్లెంలా పరుచుకున్నాయి తప్ప కాడ లేవడం లేదు. మొగ్గ ఊసే లేదు. ఎరువు వేయలేదు, ఎండ బాగానే ఉంది. ఇవి పూయని రకమా?

ముక్కుసూటి
మా దగ్గర తానుగా మొలిచిన వాటిలో ఎక్కువ భాగం మొదటి ఏడాది అలాగే ఉంటాయి. చలికాలమంతా ఆ పళ్లెంలాగే గడిపి రెండో వేసవిలో కాడ ఎత్తి పూస్తాయి. ఓపిక పట్టండి.

గింజలసంచి
నా దగ్గర మాత్రం ఇండియన్ సమ్మర్ రకం విత్తిన ఏడాదే పూసింది. 1995లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ బహుమతి వచ్చిన రకం అది, అరచేయంత పువ్వులు. తోటల కోసం తయారైన రకాల్లో చాలావాటికి ముందుగా విత్తితే అదే ఏడాది పూసే గుణం ఉంది. కాబట్టి రెండో ఏడాది అని అందరికీ ఒకే గడువు పెట్టలేం.

నారుమడి
ఇద్దరి మాటల మధ్యలో ఒక ముఖ్యమైన కారణం జారిపోయింది: పగటి నిడివి. రుడ్‌బెకియా దీర్ఘదిన మొక్క. పగలు సుమారు 13, 14 గంటలు దాటితే గాని అది కాడ ఎత్తదు, అంతవరకు ఎన్ని నెలలైనా నేలమీద పళ్లెంలాగే కూర్చుంటుంది. నిజానికి మొక్క కొలిచేది పగటిని కాదు, రాత్రిని. ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణకం చీకటి ఎంతసేపు తెగకుండా సాగిందో గుర్తిస్తుంది. రాత్రి చిన్నదైతే పూతకు సంకేతం వెళుతుంది. ముక్కుసూటి గారి ఊరు ఉత్తరాన ఉంది కాబట్టి వేసవి పగళ్లు ఎంతో పొడుగు. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఏడాది పొడవునా పగలు 12 గంటలకు అటూఇటూగానే ఉంటుంది. పెరటిమెట్టు గారు ఉండే చోట పగలు ఎంతసేపో చెబితే ఇంకా కచ్చితంగా చెప్పవచ్చు.

పెరటిమెట్టు
ఎండాకాలం నడిమధ్యన కూడా పదమూడు గంటలకు అటూఇటూ, అంతే. ఇప్పుడైతే అంత కూడా లేదు.

నారుమడి
అయితే మొక్కల తప్పేమీ లేదు. పూలు అమ్మే నర్సరీల వాళ్లు ఈ చిక్కును రాత్రిని విరగ్గొట్టి దాటుతారు. రాత్రి 10 గంటల నుంచి 2 గంటల వరకు మొక్కల మీద మామూలు దీపం వెలిగిస్తే, పొడుగు రాత్రి కాస్తా రెండు పొట్టి రాత్రులుగా మారుతుంది. మొక్క దాన్ని వేసవి అనుకుంటుంది. అంత ప్రకాశం కూడా అవసరం లేదు, అది ఆహారం తయారుచేసుకోవడానికి కాదు, సంకేతానికి మాత్రమే.

ముక్కుసూటి
అర్ధరాత్రి లేపి కళ్లలో దీపం కొడితే ఎవరికైనా కళ్లు నల్లబడతాయి. అన్ని పేర్లలోకీ ఈ మొక్కకు ఆ పేరే ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది.

పెరటిమెట్టు
నారుమడి గారి మాట చదివాక టార్చి తీసుకుని వెళ్లి చూశాను. మడికి ఒక చివర వరండా దీపం ఉంది, అది రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. ఆ చివరన ఉన్న మూడు మొక్కలకు నడుమ నుంచి జానెడు కాడలు లేచాయి! పగలు వాటిని కలుపేమో అనుకుని పట్టించుకోలేదు. మిగతా పదకొండూ నేలకే అంటుకుని ఉన్నాయి.

మట్టివేళ్లు
సంతోషమే గాని వెంటనే తీర్పు చెప్పకండి. ఆ చివరకు ఎండ కూడా ఎక్కువ పడుతుందేమో, ఆ మూడూ పొట్లంలోని వేరే రంగు రకమేమో చూడాలి. మిశ్రమ పొట్లంలో తొందరగా పూసేవీ, ఆలస్యంగా పూసేవీ కలిసే ఉంటాయి. మరో దీపాన్ని రెండో చివరకు కొన్ని వారాలు పెట్టి చూస్తే తేలిపోతుంది.

పెరటిమెట్టు
(అయిదు వారాల తర్వాత)
పెట్టాను, తేలింది. రెండో చివరన అయిదింటిలో నాలుగు కాడ ఎత్తాయి. మధ్యలో చీకట్లో ఉన్నవి ఇంకా పళ్లేలే. వరండా వైపు మొదటి మొగ్గ విచ్చుకోవడానికి సిద్ధంగా ఉంది. దీని నుంచే గింజ కట్టుకుని వచ్చే ఏడాదికి ఉంచుకుందామని ఆశ.

చీమలబారు
ఒకే మొక్క పూసినప్పుడు కట్టిన గింజలను నమ్మకండి. హిర్టా తన పుప్పొడితో తాను దాదాపుగా గింజ కట్టదు. నేను ఒంటరి మొక్క నుంచి దోసెడు సేకరించి, గర్వంగా పంచిపెట్టి, అందరి చేతా తిట్లు తిన్నాను; అన్నీ తాలు. కనీసం రెండు మూడు మొక్కలు ఒకేసారి పూసి, తేనెటీగలు వాటి మధ్య తిరగాలి. రేకుల మొదలు మన కంటికి పసుపుగానే ఉన్నా, అతినీలలోహిత కాంతిని పీల్చే వర్ణకాలు అక్కడ ఉండడం వల్ల తేనెటీగలకు నడిమి గురి ఇంకా పెద్దగా కనిపిస్తుంది. కాబట్టి వాటిని పిలవనక్కర్లేదు, మందులు కొట్టకుండా ఉంటే చాలు. మీది మిశ్రమ పొట్లం కనుక పిల్లమొక్కలకు తల్లి రంగే వస్తుందని కూడా అనుకోవద్దు.

గింజలసంచి
కోసే సమయం: రేకులు రాలి, బుడిపె పూర్తిగా ఎండి, వేలితో రుద్దితే గింజలు రాలాలి. పచ్చిగా ఉండగా కోస్తే లాభం లేదు. ఈ గింజలకు గడ్డిచామంతి గింజల్లా గాలిలో ఎగిరే కుచ్చు ఉండదు, అందుకే తల్లి మొక్క చుట్టూనే రాలతాయి. వాడిన పూలన్నీ కత్తిరిస్తే పూత ఎక్కువ రోజులు సాగుతుంది, గింజ కావాలంటే చివరి విడతను వదిలేయాలి. పిట్టలకు కూడా కొన్ని మిగల్చండి, చలికాలంలో అవి ఆ బుడిపెల మీదే వాలతాయి.

పెరటిమెట్టు
ఈ ఉదయం మొదటి పువ్వు విచ్చింది. రేకులు పసుపు, మొదట్లో మాత్రం కుంకుమ రంగు పులుముకున్నట్టుంది. కానీ మధ్యలో ఉన్నది నలుపు కాదు, ముదురు గోధుమరంగు. దాని అడుగున చుట్టూ సన్నని పసుపు ఉంగరం ఒకటి కనిపిస్తోంది. అది తెగులా?

నారుమడి
తెగులు కాదు. బింబ పుష్పకాలు అంచు నుంచి వరుసలుగా విచ్చుకుంటున్నాయి, ఆ పసుపు వాటి పుప్పొడి. రేపు చూడండి, ఉంగరం ఒక మెట్టు పైకి జరిగి ఉంటుంది.